ఇంటి బల్లకు ఏ ప్రామాణిక గడియారం: ఓవెన్ క్రిస్టలా, రూబిడియమా, ఉపగ్రహాలతో దిద్దుకునేదా?

ఆసిలోస్కోపు తెర మీద రెండు 10 మెగాహెర్ట్జ్ తరంగాలు. ఒకటి ఉపగ్రహ సమయంతో తన నడకను దిద్దుకునే ఆసిలేటర్ నుంచి, అంటే తరంగాన్ని పుట్టించే పరికరం నుంచి, వస్తోంది. తెర మీది బొమ్మను నిలిపే ట్రిగ్గర్‌ను దానికే కట్టాను కాబట్టి అది గీసిన గీతలా నిలిచి ఉంది. రెండోది ఒక పాత ఫ్రీక్వెన్సీ కౌంటర్ లోపలి క్రిస్టల్‌ది. అది మెల్లగా కుడివైపుకు జరిగిపోతోంది. 10 మెగాహెర్ట్జ్ తరంగంలో ఒక ఆవృత్తికి పట్టే కాలం 100 నానోసెకన్లు. తెర మీద అంత మేర జరగడానికి 100 సెకన్లు పట్టిందంటే రెండింటి మధ్య తేడా వంద కోట్లలో ఒక వంతు. పది సెకన్లకే జరిగిపోతే పది కోట్లలో ఒక వంతు. చేతి గడియారం చూసుకుంటూ చేయగలిగిన కొలత ఇది. మొదటిసారి చూసిన రాత్రి నేను బల్ల దగ్గరి నుంచి లేవలేకపోయాను.

ఆ తెర ముందు కూర్చున్నాక పుట్టే కోరిక ఒకటే: ఇంకా మంచి గడియారం కావాలి. చాలామంది దశాంశ బిందువు తర్వాత ఎక్కువ సున్నాలున్న పరికరాన్ని వెతుకుతారు. నేనూ అలాగే మొదలుపెట్టి, మంచి ఓవెన్ క్రిస్టల్ (ఒకే వేడిలో ఉంచిన క్వార్ట్‌జ్) చేయవలసిన పనికి రూబిడియం (పరమాణు గడియారం) తెచ్చుకున్నాను. అది చెడ్డ పరికరం కాదు. నా పనికి కావలసిన నిలకడ ఒకటి, దానికి ఉన్న నిలకడ ఇంకొకటి.

## ముందు తేల్చుకోవలసినవి

అన్నిటికంటే ముందు వ్యవధి. ప్రతి గడియారానికీ తనకు నప్పే వ్యవధి ఒకటి ఉంటుంది. మంచి ఓవెన్ క్రిస్టల్ ఒక సెకను, పది సెకన్లు, వంద సెకన్ల మీద అద్భుతంగా నిలకడగా ఉంటుంది. నెల గడిచేసరికి మాత్రం పక్కకు జరిగిపోతుంది. జీపీఎస్ రిసీవర్ సెకనుకు ఒకసారి ఇచ్చే పల్స్ దీనికి సరిగ్గా తలకిందులు. ఒక్కో పల్స్ పది, ఇరవై నానోసెకన్లు అటూ ఇటూ ఊగుతుంది. ఏడాది తర్వాత చూసినా ఆ ఊపు అంతే, పెరగదు. డేవిడ్ అలన్ 1966లో ప్రతిపాదించిన కొలత, ఇప్పుడు మనం అలన్ డీవియేషన్ అని పిలిచేది, చూపించేది ఈ సంగతినే. ఒక సెకను సగటుకు నిలకడ ఎంత, వంద సెకన్లకు ఎంత, ఒక రోజుకు ఎంత అని వ్యవధి వారీగా గీసిన గ్రాఫు అది. కొనబోయే పరికరానికి ఆ గ్రాఫు దొరికితే మిగతా కాగితాలన్నీ పక్కన పెట్టి దాన్నే చూడండి.

నిలకడ వేరు, కచ్చితత్వం వేరు. రోజూ సరిగ్గా రెండు సెకన్లు ముందుకు పోయే గడియారం నిలకడైనదే. ఆ రెండు సెకన్లు మనం తీసివేసుకోవచ్చు. ఒక రోజు ముందుకూ ఒక రోజు వెనక్కూ పోయేదాన్ని ఎవరూ దిద్దలేరు.

ఆపైన, మీకు కావలసింది సమయమా, ఫ్రీక్వెన్సీయా? రూబిడియం ఒక సెకను ఎంత పొడవో చెబుతుంది. ఇప్పుడు ఎన్ని గంటలైందో దానికి తెలియదు. కంప్యూటర్ల గడియారాలు సరిచేయాలనుకునేవారికి అది ఒంటరిగా ఎందుకూ పనికిరాదు.

తర్వాతిది ఆకాశం. యాంటెన్నా పెట్టే చోటు నుంచి ఆకాశం ఎంత కనిపిస్తుంది, సిగ్నల్ పోయినప్పుడు పరికరం ఒంటరిగా ఎంతసేపు నిలబడాలి అన్నవి ముందే ఆలోచించుకోండి. మైక్రోవేవ్ రేడియోలు నడిపేవారైతే తరంగ స్వచ్ఛతను, అంటే ఫేజ్ నాయిస్‌ను, కూడా ఈ జాబితాలో కలుపుకోవాలి. 10 మెగాహెర్ట్జ్‌ను వెయ్యి రెట్లు హెచ్చించి 10 గిగాహెర్ట్జ్ చేసినప్పుడు ఫేజ్ నాయిస్ 60 డెసిబెల్స్ పెరుగుతుంది.

## ఒక్క చూపులో

కింది అంకెలు ఆయా రకాల్లో మంచి స్థితిలో ఉన్న పరికరాలకు సుమారుగా వర్తించేవి. ఒక్కో పరికరం మధ్య తేడాలు తప్పవు.

| ఎంపిక | ఒక సెకను మీద | ఒక రోజు మీద | నెలలు గడిస్తే | ఆకాశం కావాలా | సమయం చెబుతుందా |
|---|---|---|---|---|---|
| టీసీఎక్స్‌వో (వేడి మార్పును సర్దుకునే క్రిస్టల్) | వంద కోట్లలో ఒక వంతు, లేదా అంతకంటే మెరుగు | గది వేడిని బట్టి కోటిలో ఒక వంతు వరకు | పది లక్షల్లో ఒక వంతు వరకు | వద్దు | లేదు |
| ఓవెన్ క్రిస్టల్ | లక్ష కోట్లలో కొన్ని వంతులు | వెయ్యి కోట్లలో కొన్ని వంతులు | పది కోట్లలో ఒక వంతు వరకు | వద్దు | లేదు |
| రూబిడియం | పదివేల కోట్లలో కొన్ని వంతులు | లక్ష కోట్లలో కొన్ని వంతులు | పదివేల కోట్లలో కొన్ని వంతులు | వద్దు | లేదు |
| రిసీవర్ పల్స్ మాత్రమే | పది కోట్లలో ఒక వంతు | పది లక్షల కోట్లలో ఒకటి రెండు వంతులు | పక్కకు జరగదు | కావాలి | అవును |
| జీపీఎస్‌తో దిద్దుకునే ఓవెన్ క్రిస్టల్ | లోపలి క్రిస్టల్ ఎంతో అంత | లక్ష కోట్లలో ఒక వంతు, లేదా అంతకంటే మెరుగు | పక్కకు జరగదు | కావాలి | అవును |
| సీజియం | పదివేల కోట్లలో ఒక వంతు | పది లక్షల కోట్లలో ఒక వంతు, లేదా అంతకంటే మెరుగు | దాదాపు జరగదు | వద్దు | మనం ఒకసారి సరిచేస్తేనే |

## టీసీఎక్స్‌వో

గది వేడి మారినా లోపలి సర్క్యూటు ఆ ప్రభావాన్ని సర్దేసే చిన్న క్రిస్టల్ ఇది. మామూలు క్రిస్టల్‌లో పది లక్షలకు 20 వంతుల తప్పు సాధారణం. అంటే రోజుకు సుమారు 1.7 సెకన్లు. టీసీఎక్స్‌వో దాన్ని ఒకటి రెండు వంతులకు దించుతుంది. చేతి రేడియోలకు, మామూలు కొలతలకు ఇది చాలు. దీన్ని ప్రామాణికం అనుకుని మరో పరికరాన్ని దీనితో సరిచేయవద్దు.

## ఓవెన్ క్రిస్టల్

క్వార్ట్‌జ్ పలకను ఏ కోణంలో కోశారన్న దాన్ని బట్టి, ఫలానా ఉష్ణోగ్రత దగ్గర అది వేడి మార్పులను దాదాపు పట్టించుకోదు. ఆ ఉష్ణోగ్రత గది వేడి కంటే బాగా ఎక్కువగా, సాధారణంగా 70 నుంచి 85 డిగ్రీల సెల్సియస్ మధ్య, ఉండేలా ఎంచుకుని క్రిస్టల్‌ను చిన్న ఓవెన్‌లో నిరంతరం అక్కడే ఉంచుతారు. హెచ్‌పీ 10811 వంటి పాత ఆసిలేటర్లను అభిరుచి ఉన్నవారు ఇప్పటికీ వెతికి మరీ తెచ్చుకోవడానికి కారణం సెకన్ల వ్యవధిలో వాటికి ఉన్న నిలకడ. ఆ వ్యవధిలో చాలా రూబిడియం పరికరాలు కూడా వీటి ముందు తేలిపోతాయి.

ఇది ఎంత సున్నితమైన వస్తువో చేతులతో తెలుసుకోవచ్చు. నడుస్తున్న ఓవెన్ క్రిస్టల్‌ను, తీగలు కదలకుండా, నెమ్మదిగా తలకిందులు చేయండి. తెర మీద తరంగం జరిగే వేగం ఆ క్షణంలోనే మారుతుంది. భూమ్యాకర్షణ ఇటువైపు నుంచి అటువైపుకు మారినందుకు పలకలోని ఒత్తిడి మారి, ఫ్రీక్వెన్సీ వంద కోట్లలో ఒకటి రెండు వంతులు కదిలింది. తిరిగి నిలబెడితే మళ్లీ మునుపటి నడకకు వస్తుంది. అందుకే దీన్ని సరిచేసిన భంగిమలోనే వాడాలి.

దీని బలహీనత వయసు. రోజుకు వెయ్యి కోట్లలో కొన్ని వంతుల చొప్పున ఒకే దిక్కుకు జరుగుతూ పోతుంది. ఆపి మళ్లీ వెలిగిస్తే పాత స్థానానికి సరిగ్గా రాదు, కుదురుకోవడానికి రోజులు పడుతుంది. కాబట్టి ఆపకుండా నడపగలిగినవారికే ఇది పూర్తి ఫలితం ఇస్తుంది. ఏడాదికి ఒకటి రెండుసార్లు మంచి ప్రామాణికంతో పోల్చి సరిచేసుకునే వీలుంటే, ఒక్క కౌంటర్ లేదా స్పెక్ట్రమ్ అనలైజర్ ఉన్న బల్లకు ఇది ఒక్కటే సరిపోతుంది.

## రూబిడియం

రూబిడియం-87 పరమాణువు సెకనుకు సుమారు 683 కోట్ల 46 లక్షల 82 వేల 610 సార్లు కంపించే మైక్రోవేవ్‌కు స్పందిస్తుంది. లోపలి దీపం వెలుగు రూబిడియం ఆవిరి నిండిన గాజు గదిలోంచి వెళ్తుంది. మైక్రోవేవ్ సరిగ్గా ఆ ఫ్రీక్వెన్సీలో ఉన్నప్పుడు అవతలికి చేరే వెలుగు కొద్దిగా తగ్గుతుంది. ఆ తగ్గుదలను పట్టుకుని ఒక క్రిస్టల్‌ను కట్టేస్తారు. బయటికి వచ్చే 10 మెగాహెర్ట్జ్ ఆ క్రిస్టల్‌దే, పరమాణువు దానికి కాపలాదారు. కాబట్టి తరంగ స్వచ్ఛత లోపల ఏ క్రిస్టల్ పెట్టారన్న దాని మీద ఆధారపడుతుంది. చిన్న టెలికాం మాడ్యూళ్లలో అది అంత గొప్పగా ఉండదు.

రూబిడియం గొప్పతనం గంటలు, రోజుల వ్యవధిలో కనిపిస్తుంది. కొన్ని నిమిషాల్లో కుదురుకుంటుంది, గది వేడికి పెద్దగా చలించదు, ఆకాశంతో పని లేదు. అలాగని పరమాణువు పేరు ఉంది కదా అని దాని మాటను కళ్లు మూసుకుని నమ్మవద్దు. గాజు గదిలో రూబిడియంతో పాటు ఉండే బఫర్ వాయువు దాని ఫ్రీక్వెన్సీని కొద్దిగా జరుపుతుంది. ఎంత జరుపుతుందన్నది ఒక్కో గాజు గదికీ వేరు. అందుకే రూబిడియం తనంతట తాను ప్రామాణికం కాదు, ఎవరో ఒకసారి సరిచేసి ఇవ్వాలి.

ఎల్‌పీఆర్‌వో-101, ఎఫ్‌ఈ-5680ఏ వంటివి మనకు దొరికేది టెలికాం కేంద్రాల నుంచి విప్పిన సరుకుగానే. కొనేటప్పుడు రెండు విషయాలు అడగండి: లాక్ సూచిక (క్రిస్టల్ పరమాణువుకు కట్టుబడిందని చెప్పేది) పనిచేస్తోందా, దీపం వోల్టేజి ఎంత చూపిస్తోంది. దీపం ముసలిదైతే ఆ వోల్టేజి పడిపోతుంది. ఇంటికి తెచ్చాక అడుగు పలకను మందపాటి అల్యూమినియం హీట్‌సింకుకు బిగించకుండా వెలిగించవద్దు. దాని ఆయుష్షును మింగేది వేడే.

## సీజియం

1967 నుంచి సెకనుకు నిర్వచనమే సీజియం-133: సెకనుకు 919 కోట్ల 26 లక్షల 31 వేల 770 కంపనాలు. ఇల్లే ప్రయోగశాలగా మార్చుకున్న కొందరి దగ్గర సీజియం గడియారాలు ఉన్నాయి. 2005లో అమెరికాలో ఒక అభిరుచి గల వ్యక్తి మూడు సీజియం గడియారాలను కారులో వేసుకుని, పిల్లలతో కలిసి రైనియర్ పర్వతం మీదికి వెళ్లి రెండు రోజులు గడిపి వచ్చారు. కిందికి దిగాక ఇంట్లో ఉంచిన గడియారాలతో పోల్చితే అవి సుమారు 22 నానోసెకన్లు ముందున్నాయి. ఎత్తులో కాలం కాస్త వేగంగా నడుస్తుందని సాపేక్ష సిద్ధాంతం చెప్పే లెక్కకు అది సరిపోయింది. ఇంతకంటే అందమైన కుటుంబ విహారాన్ని నేను ఊహించలేను.

ఎంపికగా మాత్రం దీన్ని చాలామందికి సిఫారసు చేయను. బీమ్ ట్యూబులో, అంటే పరమాణువులను ధారగా పంపే గొట్టంలో, ఉన్న సీజియం అయిపోతే గడియారం కథ ముగిసినట్టే. వాడిన పరికరాల్లో ఎంత మిగిలిందో తేల్చడం కష్టం, కొత్త ట్యూబు సంపాదించడం ఇంకా కష్టం.

## ఉపగ్రహాలతో దిద్దుకునేది

నా దృష్టిలో ఎక్కువమందికి సరైన సమాధానం ఇదే, కాబట్టి దీని దగ్గర కాసేపు ఆగుతాను.

జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున పరమాణు గడియారాలను మోస్తూ తిరుగుతాయి. భూమి మీది నియంత్రణ కేంద్రాల వారు వాటిని రోజూ దిద్దుతుంటారు. ఆ ఎత్తు, ఆ వేగం కలిసి వాటిని రోజుకు 38 మైక్రోసెకన్లు ముందుకు నడుపుతాయి కాబట్టి వాటి మూల ఫ్రీక్వెన్సీని పంపేముందే ఆ మేరకు తగ్గించి పెడతారు. మన రిసీవర్ ఆ గడియారాలన్నిటి సారాన్ని సెకనుకు ఒక పల్స్‌గా ఇస్తుంది. దిద్దుకునే పరికరం ఆ పల్స్‌ను తన ఓవెన్ క్రిస్టల్‌తో పోల్చి, క్రిస్టల్ ముందుకు పోతే కళ్లెం లాగుతుంది, వెనకబడితే వదులుతుంది. తక్కువ వ్యవధిలో క్రిస్టల్ నిలకడ, ఎక్కువ వ్యవధిలో ఉపగ్రహాల కచ్చితత్వం, రెండూ ఒకే పెట్టెలో దొరుకుతాయి.

కళ్లెం ఎంత త్వరగా లాగాలి? దీన్నే టైమ్ కాన్‌స్టంట్ అంటారు, పరికరం మంచి చెడ్డలన్నీ ఇక్కడే తేలతాయి. పల్స్‌లో పది నానోసెకన్ల ఊపు ఉందనుకుందాం. వంద సెకన్లకు ఒకసారి దిద్దితే ఆ ఊపు వెయ్యి కోట్లలో ఒక వంతు తప్పుగా క్రిస్టల్‌లోకి చేరుతుంది. మంచి క్రిస్టల్ అంతకంటే నిలకడైనది కాబట్టి దిద్దే పేరుతో దాన్ని పాడుచేసినట్టవుతుంది. పదివేల సెకన్లు ఆగితే ఆ తప్పు లక్ష కోట్లలో ఒక వంతుకు దిగుతుంది, కానీ ఆ లోపల గది వేడెక్కితే క్రిస్టల్ తన దారిన తాను జరిగిపోతుంది. నా పరికరం కంట్రోల్ వోల్టేజిని, అంటే క్రిస్టల్‌ను దిద్దే వోల్టేజిని, రాత్రంతా నమోదు చేసి చూస్తే అందులో క్రమం తప్పని అలలు కనిపించాయి. గదిలోని కూలర్ ఆగి మొదలయ్యే వేళలతో అవి అచ్చంగా కలిశాయి. క్రిస్టల్ మీద ఒక అట్టపెట్టె బోర్లించాను. అలలు దాదాపు మాయమయ్యాయి, టైమ్ కాన్‌స్టంట్‌ను మూడు రెట్లు పెంచుకోగలిగాను. ఖరీదైన ఏ మార్పు కంటే ఆ అట్టపెట్టె ఎక్కువ మేలు చేసింది.

రిసీవర్‌లో ఇంకో చిన్న విషయం ఉంది. అది పల్స్‌ను తన లోపలి గడియారం అంచు మీద మాత్రమే ఇవ్వగలదు. ఆ గడియారం 48 మెగాహెర్ట్జ్ అయితే అడుగుకు సుమారు 21 నానోసెకన్లు. అందుకే పల్స్ తప్పు రంపపు పళ్లలా పైకి పోయి కిందికి పడుతుంటుంది. టైమింగ్ కోసం చేసిన రిసీవర్లు, ఉదాహరణకు యూబ్లాక్స్ ఎం8టీ రకం, ఈ పల్స్‌లో ఎంత తప్పు మిగిలిందో సందేశంలో చెబుతాయి. దాన్ని లెక్కలోకి తీసుకునే పరికరాన్ని ఎంచుకోండి. టైమింగ్ రిసీవర్లకు మరో సుగుణం కూడా ఉంది. యాంటెన్నా స్థానాన్ని కొన్ని గంటలు సగటు తీసి గట్టిగా పట్టుకున్నాక, ఒక్క ఉపగ్రహం కనిపించినా సమయం చెప్పగలవు. ఆకాశం సగమే కనిపించే చోట ఇది పెద్ద ఊరట.

యాంటెన్నాను వీలైనంత ఎత్తున, చుట్టూ గోడలు లేని చోట పెట్టండి. గోడ నుంచి ప్రతిఫలించి వచ్చే సిగ్నల్ ప్రతి మూడు మీటర్ల అదనపు దూరానికి పది నానోసెకన్ల ఆలస్యంతో వస్తుంది. కేబుల్ ఆలస్యం, మామూలు కోయాక్సియల్‌లో మీటరుకు సుమారు ఐదు నానోసెకన్లు, ఎప్పుడూ మారదు కాబట్టి ఫ్రీక్వెన్సీ మాత్రమే కావలసినవారికి దానితో పేచీ లేదు.

ట్రింబుల్ థండర్‌బోల్ట్, హెచ్‌పీ జెడ్3801ఏ వంటివి మొబైల్ టవర్ల నుంచి, టెలికాం కేంద్రాల నుంచి వచ్చి ఎందరి బల్లల మీదనో స్థిరపడ్డాయి. వాటి క్రిస్టళ్లు నిజంగా మంచివి. వాటి తేదీలను మాత్రం నమ్మవద్దు. జీపీఎస్ వారాల లెక్క 1,024 వారాలకు ఒకసారి సున్నాకు తిరుగుతుంది. 1999 ఆగస్టులో, 2019 ఏప్రిల్‌లో అలా జరిగింది. పాత రిసీవర్లు ఆ లెక్కను తమదైన మరో రోజు నుంచి మొదలుపెట్టి ఉంటాయి. థండర్‌బోల్ట్ 2017 జులై చివరి నుంచి దాదాపు ఇరవై ఏళ్లు వెనకటి తేదీ చూపిస్తుంది. పల్స్‌కు, ఫ్రీక్వెన్సీకి దీనివల్ల ఏ లోటూ లేదు.

చిన్న బోర్డుల విషయంలో జాగ్రత్త. ఓవెన్ క్రిస్టల్ లేకుండా రిసీవర్ నుంచి నేరుగా 10 మెగాహెర్ట్జ్ తీసే బోర్డులను కూడా ఇదే పేరుతో అమ్ముతారు. కౌంటర్‌లో వంద సెకన్ల సగటు చూస్తే అవి సరిగ్గానే కనిపిస్తాయి. ఆసిలోస్కోపులో చూస్తే తరంగం అంచు వణుకుతూ ఉంటుంది. రేడియోకు కట్టవలసిన సిగ్నల్ అది కాదు.

## మీ పనిని బట్టి

కంప్యూటర్లకు సమయం ఇవ్వాలనుకుంటే రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్, పల్స్ ఇచ్చే రిసీవర్, సమయం సరిచేసే క్రోనీ సాఫ్ట్‌వేర్ చాలు. మైక్రోసెకను స్థాయి వస్తుంది. పల్స్‌ను యూఎస్‌బీ ద్వారా కాకుండా నేరుగా బోర్డు పిన్‌కు కట్టండి, లేకపోతే మిల్లీసెకను వరకు అనిశ్చితి చేరుతుంది. జీపీఎస్ సమయం, యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) 2017 జనవరి 1 నుంచి 18 సెకన్ల తేడాతో నడుస్తున్నాయి. చాలాకాలం ఆపి ఉంచాక వెలిగించిన రిసీవర్ ఆ తేడాను ఉపగ్రహం నుంచి అందుకోవడానికి పన్నెండున్నర నిమిషాల దాకా పట్టవచ్చు. అప్పటిదాకా అది చెప్పే సమయాన్ని వాడవద్దు.

లోలకపు గడియారాలను బాగుచేసేవారికీ ఆ పల్సే ఎక్కువ. ఉక్కు కడ్డీ లోలకం ఒక డిగ్రీ వేడికి రోజుకు దాదాపు అర సెకను మందగిస్తుంది. దాన్ని గమనించడానికి నానోసెకన్లతో పని లేదు.

హ్యామ్ రేడియోలో ఎఫ్‌టీ8 వంటి డిజిటల్ పద్ధతులకు సెకను లోపు సమయం ఉంటే చాలు, దానికి కంప్యూటర్ గడియారమే సరిపోతుంది. 10 గిగాహెర్ట్జ్ బ్యాండుకు వెళ్తే లెక్క మారుతుంది. అక్కడ పది లక్షల్లో ఒక వంతు తప్పు అంటే 10 కిలోహెర్ట్జ్, అవతలివారు వినిపించరు. వంద కోట్లలో ఒక వంతు అంటే 10 హెర్ట్జ్. ఇంట్లో అయితే ఓవెన్ క్రిస్టల్‌తో కూడిన జీపీఎస్ పరికరం తీసుకోండి. కొండల మీదికి మోసుకెళ్లేవారికి రూబిడియం నయం. వెలిగించిన కొద్ది నిమిషాలకే పనికి సిద్ధమవుతుంది, తలకిందులైనా పట్టించుకోదు.

కొలత పరికరాలున్న బల్లకు జీపీఎస్‌తో దిద్దుకునే ఓవెన్ క్రిస్టల్ ఒకటి, దాని సిగ్నల్‌ను అన్నిటికీ పంచే డిస్ట్రిబ్యూషన్ యాంప్లిఫయర్ ఒకటి. ఆకాశం కనిపించని ఇంట్లో అయితే రూబిడియం. ఏడాదికి ఒకసారి దాన్ని ఉపగ్రహం అందే మిత్రుడి ఇంటికి తీసుకెళ్లి సరిచేసుకోవచ్చు.

ఇక గడియారాల కోసమే గడియారాలను ప్రేమించేవారు. మీకు ఒకటి చాలదు, ఎందుకంటే ఒంటరి గడియారం తప్పును చూపించేవారే ఉండరు. జీపీఎస్ పరికరం పక్కన రూబిడియం పెట్టి, రెండు తరంగాలనూ ఆసిలోస్కోపుకు కట్టి, ఒక ఆవృత్తి జరగడానికి పట్టే కాలాన్ని కాగితం మీద రాసుకోండి. 10,000 సెకన్లు, అంటే రెండు గంటల నలభై ఏడు నిమిషాలు పట్టిందంటే తేడా పదివేల కోట్లలో ఒక వంతు. రూబిడియంలోని సరిచేసే స్క్రూను, లేదా సీరియల్ ఆదేశాన్ని, వెంట్రుకవాసి కదిపి ఒక రోజు ఆగండి. మళ్లీ కొలవండి. వారం తిరిగేసరికి ఆ ఆవృత్తి ఉదయం నుంచి సాయంత్రం దాకా తెర మీద సగం కూడా జరగదు.